రెండు కుడి చేతులు

ఆ రోజు పొద్దున తూర్పున ఎండ కాస్తూనే ఉంది గాని, పడమట ఒక మబ్బు లేచి, దాని పైకొస కమ్మరి దాగలిలా చదునుగా సాగి ఉంది. అలాంటి మబ్బు కడుపులో వడగళ్ళుంటాయి. నాన్న గుమ్మం ముందు నిలబడి దాన్ని చూశాడు. చేలోకి నడిచి ఒక గోధుమ వెన్ను తుంచి, అరచేతిలో నలిపి, పొట్టు ఊదేసి, గింజ నోట్లో వేసుకుని కొరికాడు. టక్కుమన్న చప్పుడు నాక్కూడా వినబడింది.

"ఎండింది. ఇవాళే మొదలెడదాం," అన్నాడు.

కాన్సస్‌లో మా వైపు జూన్ ఆఖర్లో ఆ ఒక్క మాట కోసమే ఇళ్ళన్నీ చెవులు రిక్కించుకుని ఉంటాయి. ఆ మాట పడ్డాక పెళ్ళిళ్ళు వాయిదా పడతాయి. చర్చిలో ఫాదర్ కూడా ప్రసంగం సగానికి కోసేస్తాడు.

కాని ఆ రోజు మా ఇల్లు ఇంకోదాని కోసం కూడా ఎదురుచూస్తోంది. సాయంత్రం హేస్ ఊరి మైదానంలో మా తమ్ముడు వెండెల్ ఆడుతున్నాడు. బేస్‌బాల్‌లో వాడు బంతి విసిరేవాడు. వాణ్ణి చూడడానికి ఓక్లహోమా నుంచి హార్లన్ ప్రూయిట్ అనే ఆయన వస్తున్నాడు. ఊరూరా తిరిగి కుర్రాళ్ళను చూసి, ఎవరు పనికొస్తారో ఒక పెద్ద జట్టుకి చెప్పడం ఆయన ఉద్యోగం. జూన్ మొదట్లో పెద్ద జట్లన్నీ దేశం మీది కుర్రాళ్ళను ఏరుకున్నప్పుడు వెండెల్ పేరు రాలేదు. ఏరుకోగా మిగిలినవాళ్ళలో మంచివాడు కనబడితే అక్కడికక్కడే సంతకం పెట్టించుకోవచ్చు. ప్రూయిట్ వచ్చేది అందుకే.

వెండెల్‌కి అప్పుడే పద్దెనిమిది నిండాయి. బంతి విసరడం తప్ప వాడికి ఈ లోకంలో ఇంకేదీ అక్కర్లేదు. నేను గిల్బర్ట్‌ని, వాడికన్నా చాలా పెద్దవాణ్ణి. పొలం నాకు, బంతి వాడికి అని మా ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా పంపకాలు ఎప్పుడో అయిపోయాయి. వాడు చిన్నపిల్లాడిగా ఉన్నప్పటి నుంచీ ఇంటి వెనక వాడి బంతులు పట్టింది నేనే.

కొత్త గింజ పోయాలంటే పాత గాదె ఖాళీ చెయ్యాలి. మాది గుండ్రటి రేకు గాదె. అడుగు నుంచి గింజను బయటికి లాగే మర ఉంటుంది. ఆ పొద్దున్నే అది విరిగింది. విరిగిన ముక్క చేత్తో పట్టుకుని నాన్న వెండెల్ వైపు చూశాడు. వెండెల్ గోడకి ఆనించి ఉన్న వెడల్పు పార అందుకున్నాడు. సాయంత్రం ఆట ఉంది కదా అని నేననలేదు. వాడూ అనలేదు. అమ్మే అంది.

"ఆట పెట్టుకుని వాణ్ణి గాదెలోకి తోస్తారా? గిల్బర్ట్ దిగకూడదూ?"

"గిల్బర్ట్ కోత యంత్రం నడపాలి."

"మరి మీరో?"

"నేను ట్రక్కు తోలాలి," అన్నాడు నాన్న.

నాన్న పార పట్టి కొన్నేళ్ళయింది. ఎందుకు పట్టడో మాకు తెలుసు. మాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఆ విషయం మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

వెండెల్ పొద్దు వాలే దాకా గాదెలో ఉన్నాడు. ఎండకి ఆ రేకు పొయ్యి మీది పెనంలా కాలుతుంది. లోపల ధూళి ఎంత లేస్తుందంటే, పార కనబడదు, పార చప్పుడే వినబడుతుంది. నేను చేను చివర తిరిగినప్పుడల్లా ఆ చప్పుడు వినేవాణ్ణి. ఎక్కడా ఆగలేదు. మబ్బు మమ్మల్ని వదిలేసి ఉత్తరంగా పోయింది. వాడు బయటికొచ్చేసరికి పిండిమరలోంచి వచ్చినవాడిలా ఉన్నాడు. నిలబడే ఒక బీరక్ రొట్టె తిన్నాడు, కాబేజీ, మాంసం కూరి అమ్మ పొద్దున కాల్చినది. తొట్టి దగ్గర మొహం కడుక్కుని, జట్టు బట్టలు వేసుకున్నాడు.

నాన్న కోత ఆపేసి మాతోపాటు ఆటకొచ్చాడు. కోతల్లో వెలుగుండగా ఆయన యంత్రం ఆపించడం నేను చూడటం అదే మొదలు.

ప్రూయిట్ తీగెల వల వెనక మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సన్నటి మనిషి, గడ్డి టోపీ. ఒళ్ళో వేగం కొలిచే రాడార్ గన్ ఉంది గాని, ఎక్కువసేపు దాన్ని పట్టించుకోలేదు. ఆట మొదలవకముందు వెండెల్ ఒళ్ళు వేడెక్కించుకుంటుంటే వాడి పాదాల వంక చూశాడు. ఒకడికి నాలుగు తప్పుడు బంతులు వేసి ఊరికే పంపించాక వెండెల్ బంతి విసిరే మట్టిదిబ్బ మీద ఎలా తిరుగుతున్నాడో చూశాడు. ఆట మధ్య వాడు బెంచీ మీద కూర్చున్నప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టుకుంటున్నాడో కూడా మెడ సాచి మరీ చూశాడు. గింజ కొరికి చూసే నాన్న మొహం ఎలా ఉంటుందో ఆయన మొహమూ అలాగే ఉంది.

వెండెల్ మామూలుగా గంటకి తొంభై మైళ్ళ వేగంతో వేస్తాడు. ఆ రోజు మొదటి బంతికి గన్ మీద ఎనభై నాలుగు పడింది. నేను ప్రూయిట్ భుజం మీదుగా చూశాను. రెండోదీ అంతే.

మా పక్క పొలం క్లెటస్‌కి ఎక్కడికెళ్ళినా నోరు ఊరుకోదు. "ఏంరా వెండెల్, బంతికి ఒంట్లో బాగాలేదా? ఊతకర్ర పట్టుకుని వస్తున్నట్టుందే!" అని అరిచాడు. కాసేపాగి, "ఇంకాస్త నెమ్మదిగా వెయ్యి, దారిలో పిచ్చిక గూడు పెడుతుంది!" అన్నాడు. జనం నవ్వారు. నాన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకి చూస్తూ కూర్చున్నాడు.

వేగం లేకపోయినా వెండెల్ తెలివిగా వేశాడు. అంచుల మీద వేశాడు, కొట్టేవాళ్ళ మోకాళ్ళ కింద వేశాడు. అయినా చివర్లో ఒక బంతి మధ్యలో తేలింది. దాన్ని అవతలివాడు కంచె దాటించాడు. ఓడిపోయాం.

ఆట అయ్యాక ప్రూయిట్ కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు.

"చెయ్యెలా ఉందబ్బాయ్?"

"బాగుందండీ."

"అలసటగా గట్రా ఏమన్నా ఉందా?"

"లేదండీ."

ఆయన నాన్న వైపు తిరిగాడు. "వాడు బాగానే ఉన్నాడు," అన్నాడు నాన్న. ప్రూయిట్ నా వంక చూశాడు. నేను తల ఊపాను.

మావాళ్ళకి సాకు చెప్పడమంటే పక్కవాడి కోడిని ఎత్తుకొచ్చినంత తప్పు. మా తాత నూర్పిడి యంత్రంలో వేలు పోగొట్టుకుని, గుడ్డ చుట్టుకుని, వామి పూర్తిగా నూర్చాకే ఇంటికొచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. గొప్పగానే చెప్పుకుంటారు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు పగలంతా గింజ తోడానండీ అని పరాయి మనిషితో ఎలా అంటాడు?

"మంచిది," అన్నాడు ప్రూయిట్. అని కదలలేదు. "రేపు మధ్యాహ్నం మీ పొలం మీదికి వస్తే మీకు అడ్డమా?"

"ముగ్గురు మొగాళ్ళకి వండేదాన్ని, నాలుగోవాడికి వండలేనా? భోజనానికే రండి," అంది అమ్మ.

తిరిగొచ్చేటప్పుడు బండి నాన్న తోలాడు. మా మలుపు దగ్గర అమ్మ అంది. "చెప్తే నోరు అరుగుతుందా మీకు? ఒక్కరికన్నా?"

నాన్న మలుపు తిప్పాడు. తిప్పేటప్పుడు కుడి చేత్తో చక్రం అడుగున పట్టుకుని, ఎడమ చేత్తో పైన లాగాడు. ఎప్పుడూ అలాగే తిప్పుతాడు.

మర్నాడు ప్రూయిట్ చెప్పిన వేళకే వచ్చాడు. కోసిన మళ్ళో ట్రక్కు నీడన, బండి వెనక తలుపు దించి దాని మీద అమ్మ గిన్నెలు పరిచింది. ఆయన టోపీ తీసి పక్కన పెట్టుకుని, రొట్టె తింటూ అమ్మని ఎగాదిగా చూశాడు.

"మీ అన్నదమ్ములు ఎంత పొడుగుంటారమ్మా?"

"గుర్రాన్ని బేరమాడేవాడిలా చూస్తున్నారే! పళ్ళు కూడా చూపించమంటారా?"

"అబ్బాయి పళ్ళు నిన్న చూశాలెండి," అని నవ్వాడు ప్రూయిట్. "కుర్రాడు రేపు ఎలా ఉంటాడో కుర్రాణ్ణి చూస్తే సగమే తెలుస్తుంది. మిగతా సగం వాళ్ళ అమ్మానాన్నల ఎముకల్లో ఉంటుంది. మీ పొడుగు వాడికి వచ్చేసింది. వాళ్ళ నాన్న మణికట్టు చూశారా, కంచెకి పాతే రాతి గుంజలా ఉంది. అదింకా వాడికి రావాలి. రెండేళ్ళలో వస్తుంది. వస్తే ఆ తొంభై అక్కడ ఆగదు."

వెండెల్ నమలడం ఆపేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏదీ, చెయ్యి చూపించు," అన్నాడు ప్రూయిట్. వేళ్ళ పొడవు చూద్దామనుకున్నాడు కాబోలు. వెండెల్ అరచెయ్యి విప్పాడు. నిండా బొబ్బలు. రెండు చితికి పచ్చిగా ఉన్నాయి.

"ఇవెక్కడివి?"

అమ్మ చేతిలో ఉన్న కాఫీ చెంబు ఠక్కున కింద పెట్టింది.

"ఎక్కడివేంటి? నిన్న పొద్దున్నించీ మీ ఆటకి వచ్చేదాకా గాదెలో పార పట్టాడు. ఆ మాట ఒక్కరు చెప్పరే! వీళ్ళ నోళ్ళకి తాళాలు. తాళంచెవి వీళ్ళ తాత సమాధిలో ఉంది."

వెండెల్ తల దించుకున్నాడు. పదిమందిలో వాణ్ణి కొట్టినట్టుంది వాడి మొహం. నాకు మాత్రం లోపల తేలికైంది. పోయిన ఆరు మైళ్ళు ఎక్కడికి పోయాయో ఇప్పుడు ప్రూయిట్‌కి తెలిసింది కదా, మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన చేతిలో రొట్టె కింద పెట్టేశాడు.

"మరి రాత్రి నేనడిగితే బాగుందన్నావేం?"

"సాకు చెప్పినట్టుంటుందనండీ."

"సాకు నేనడగలేదే. చెయ్యెలా ఉందని అడిగాను."

వెండెల్ అరచెయ్యి మూసుకున్నాడు.

"నా దగ్గర వేగం కొలిచే యంత్రం ఉందబ్బాయ్," అన్నాడు ప్రూయిట్, గొంతు పెంచకుండా. "నొప్పి కొలిచే యంత్రం ఇంకా ఎవరూ చెయ్యలేదు. దానికి నీ నోరొక్కటే దిక్కు. ఆర్కాన్సాలో ఒకణ్ణి పట్టాను నేను. నీకన్నా బాగా వేసేవాడు. ఎప్పుడడిగినా బాగుందండీ అనేవాడు. ఒకరోజు వాడి మోచేతిలో నరం తెగితే ఆ చప్పుడు నేను కూర్చున్నచోటికి వినబడింది. ఇప్పుడు టైర్ల కొట్లో పని చేస్తున్నాడు. కనబడితే ఎడమ చెయ్యి ఇస్తాడు."

గాలికి కోసిన మొదళ్ళు గలగలమన్నాయి. నాన్న తన కప్పు కోసం చెయ్యి చాచాడు. కప్పు ఆయన కుడి పక్కనే ఉంది. ఎడమ చెయ్యి ఒంటి మీదుగా అడ్డంగా తెచ్చి అందుకున్నాడు. ప్రూయిట్ అది చూశాడు. మేము ముగ్గురం గిన్నెల్లోకి చూశాం.

"అలోయిస్ గారూ, ఏమీ అనుకోకపోతే, ఆ కుడి భుజం ఎన్నాళ్ళ నుంచి అలా ఉంది?"

"ఎలా?"

"పైకి లేవకుండా."

"బానే లేస్తుంది," అన్నాడు నాన్న. తాగని కాఫీ నేల మీద పోసేసి లేచాడు. "గింజ రాలిపోతోంది. కదలండి."

ట్రక్కు తలుపు ఎడమ చేత్తోనే తీసుకుని ఎక్కాడు.

ప్రూయిట్ టోపీ పెట్టుకున్నాడు. కోతలు ఎప్పటికి తెములుతాయని నన్ను అడిగాడు. ఆదివారం లోపల అన్నాను. "ఆదివారం చర్చి అయ్యాక వస్తాను. గాదెలో దిగని రోజు వీడి బంతి ఒకసారి చూడాలి," అన్నాడు. వెళ్తూ వెండెల్ భుజం మీద తట్టాడు. "నువ్వు విసరగలవు. అందులో నాకు అనుమానం లేదు."

ఏ సంగతిలో అనుమానముందో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా.

మిగిలిన రోజులు కోతల్లో పడి కొట్టుకుపోయాయి. నాన్న మామూలుగానే మాట్లాడడు. కాని ఆయన మాట్లాడకపోవడంలో కూడా రకాలున్నాయి, ఇంట్లోవాళ్ళకి తెలుస్తాయి. ఆ వారం ఆయన ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు లేడు. ఏదో లెక్క తేలనివాడిలా ఉన్నాడు. ట్రక్కు తోలుతూ తోలుతూ గాదె దగ్గర ఆపి, వెండెల్ గింజ చదును చేస్తుంటే కిటికీలోంచి చూసేవాడు. తర్వాత గేరు వేసుకుని వెళ్ళిపోయేవాడు.

ఆఖరి మడి కోసిన సాయంత్రం వెండెల్ బంతి పట్టే తోలు గ్లవ్ తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. యంత్రాల కొట్టం వెనక వాడికో మట్టిదిబ్బ ఉంది. వాడు హైస్కూల్లో చేరిన ఏడాది నాన్న మట్టి తోలించి, కొలత ప్రకారం దిమ్మిస కొట్టించాడు. ఇదేంటని అడిగితే, "చెరువు తవ్వితే మిగిలిన మట్టి," అన్నాడు. ఆ ఏడు మేం చెరువేదీ తవ్వలేదు.

పట్టేవాడికి బంతి సంగతి కళ్ళకన్నా ముందు అరచేతికి తెలుస్తుంది. వెండెల్ బంతి బాగున్న రోజు చివరి జానెడు దూరంలో అది ఇంకా బలం పుంజుకున్నట్టుంటుంది, గ్లవ్‌ని కొరుకుతుంది. ఆ సాయంత్రం మొదట్లో కొరికింది. కొన్ని వేశాక కొరకడం మానేసి పైకి తేలడం మొదలెట్టింది. చెప్పిన చోటికి కాకుండా నా గడ్డం మీదికి వస్తోంది. వెండెల్ బంతికీ బంతికీ మధ్య చెయ్యి కిందికి వేలాడేసి వేళ్ళు విదిలిస్తున్నాడు.

"నొప్పా?" అన్నాను.

"నువ్వు కూడా మొదలెట్టావా అన్నా?"

"అడిగానంతే."

"ఆదివారం దాకా బానే ఉంటుంది."

అది నేనడిగినదానికి జవాబు కాదు. బంతి వాడికి తిరిగి విసిరాను.

ఆదివారం పొద్దున వంటింట్లో అందరం చర్చి బట్టల్లో ఉన్నాం. అమ్మ నాన్న చొక్కా మెడ బొత్తాం పెడుతోంది. పెడుతూ నాతో పొయ్యి మీది పులుసు సంగతి మాట్లాడుతోంది. ఆ పని తన చేతులది కానట్టు, తన చేతులు ఏం చేస్తున్నాయో తనకి తెలియనట్టు పెడుతుంది రోజూ. వెండెల్ తలుపు పక్క అద్దం ముందు తన బొత్తాలు పెట్టుకుంటున్నాడు. నాన్న అమ్మ తల మీదుగా అద్దంలో వాడి వంక చూశాడు. చాలాసేపు చూశాడు. వాడి టై వంకరగా ఉందేమో చూస్తున్నాడనుకున్నాను.

ప్రూయిట్ మేం చర్చి నుంచి వచ్చేసరికే కొట్టం నీడలో కారాపుకుని ఉన్నాడు. ఈసారి మాటలు తక్కువ. నేను గ్లవ్ వేసుకుని కూర్చున్నాను, ఆయన నా వెనక నిలబడ్డాడు. నాన్న కొట్టం తలుపుకి ఆనుకుని, అమ్మ వంటింటి మెట్ల మీద.

వెండెల్ మొదటి బంతి వేశాడు. నా అరచెయ్యి చుర్రుమంది.

"తొంభై," అన్నాడు ప్రూయిట్ నాకు వినబడేట్టు. తర్వాతది, "తొంభై ఒకటి." ఇంకోటి వేశాక ఆయన నోట్లోంచి చిన్న ఈల వచ్చింది. ఈల వేసినట్టు ఆయనకే తెలిసుండదు.

"వంకర బంతి వెయ్యి."

వేశాడు. అది నా భుజం ఎత్తున వచ్చి, చూరు మీంచి పిల్లి దూకినట్టు నా మోకాళ్ళ దగ్గరికి దూకింది. ప్రూయిట్ గన్ దించేశాడు. దానికి గన్ అక్కర్లేదు.

"మళ్ళీ."

మళ్ళీ వేశాడు. ఈసారి దూకుడు కొంచెం తగ్గింది. మూడోది దూకలేదు, జారింది. వెండెల్ మొహంలో ఏమీ కనబడలేదు. మా ఇంటి మొహం అది.

"సరే," అన్నాడు ప్రూయిట్. "వేగం బంతులు ఇంకొన్ని వెయ్యి. అయ్యాక లోపల కూర్చుని మాట్లాడుకుందాం."

ఆ మాటకి అమ్మ మెట్ల మీంచి లేచి నిలబడింది. వెండెల్ బంతిని గ్లవ్‌లో తిప్పుతూ కళ్ళు ఒకసారి మూసుకుని తెరిచాడు. చిన్నప్పటి నుంచీ వాడు వినాలనుకున్న మాట అది.

"చెయ్యెలా ఉంది?" అని అడిగాడు ప్రూయిట్.

"బాగుందండీ."

వాడు కాలు ఎత్తబోయాడు.

"ఆపు," అన్నాడు నాన్న.

గట్టిగా అనలేదు. గేటు వెయ్యమని చెప్పినట్టు అన్నాడు. తలుపు దగ్గర్నించి కదిలి దిబ్బ దాకా నడిచాడు. వెండెల్‌తో కాకుండా ప్రూయిట్‌తో మాట్లాడాడు.

"వాడికి మోచెయ్యి నొప్పి. పొద్దున చొక్కా బొత్తాలు ఎడమ చేత్తో పెట్టుకున్నాడు. పై బొత్తాం దగ్గర మరీ కష్టపడ్డాడు." "నాకూ మొదట అలాగే వచ్చింది. భుజం. పై బొత్తాంతో మొదలైంది."

కొట్టం మీద పావురాలు తప్ప ఇంకెవరూ కదల్లేదు. నాన్న నోట ఆ మాట రావడం అమ్మ కూడా వినడం అదే మొదలు. ఆమె ఒక చేత్తో మెట్ల పిట్టగోడ పట్టుకుంది.

"ఇంకొన్నే నాన్నా," అన్నాడు వెండెల్. "ఇంకొన్ని బంతులేగా! వేసేసేవాణ్ణిగా!"

"తెలుసు," అన్నాడు నాన్న.

ప్రూయిట్ వచ్చి వెండెల్ కుడి చెయ్యి అందుకున్నాడు. బొటనవేలు మోచేతి లోపలి వైపు పెట్టి మెల్లగా నొక్కాడు. వెండెల్ మోకాళ్ళు వంగాయి.

"ఎప్పట్నించి?"

వాడు ప్రూయిట్‌ని చూడలేదు, నాన్న వంక చూస్తూ చెప్పాడు. "ఈస్టర్ నుంచి."

ప్రూయిట్ చెయ్యి వదల్లేదు. పిట్టని పట్టుకున్నట్టు రెండు చేతుల్లో పెట్టుకుని ఉన్నాడు. "ఈ వేసవికి నేను నిన్ను తీసుకోలేనబ్బాయ్. విచిటాలో ఈ పనే చూసే డాక్టరొకాయన ఉన్నాడు, వెళ్ళి చూపించుకో. ఆయన చెప్పేదాకా బంతి ముట్టకు. ఏప్రిల్లో వస్తాను. అప్పుడు కూడా ఇదే అడుగుతాను. చెయ్యెలా ఉందని. నువ్వు చెప్పేది నేను నమ్మేట్టు ఉండాలి."

వెండెల్ చెయ్యి లాక్కుని, గ్లవ్ దిబ్బ మీద పడేసి, రాతి కంచె పక్కన పొలాల్లోకి నడిచి వెళ్ళిపోయాడు. కోసిన చేలో మనిషి చాలా దూరం దాకా కనబడుతూనే ఉంటాడు. మేం ముగ్గురం చూస్తూ నిలబడ్డాం.

"ఇవాళ సంతకం పెట్టించుకునేవాణ్ణే," అన్నాడు ప్రూయిట్ నాన్నతో. "ఆ మూడో వంకర బంతి చూసి కూడా."

నాన్న తల ఊపాడు. ప్రూయిట్ ఒక క్షణం ఆగి ఎడమ చెయ్యి చాచాడు. నాన్న దాని వంక చూసి, తన ఎడమ చెయ్యి ఇచ్చాడు. అమ్మ తిని వెళ్ళమంది. ఇవాళ వద్దమ్మా, దారి చాలా ఉంది అని ఆయన కారెక్కాడు.

అన్న ప్రకారం ఆయన ఏప్రిల్లో వచ్చాడు. అది మరుసటి ఏటి సంగతి. ఆ ఆదివారం మాత్రం ఆయన కారు దుమ్ము సద్దుమణిగాక, మళ్ళీ వస్తాడని మాలో ఎవరమూ అనుకోలేదు.

అమ్మ అన్నం వేళ దాటిపోయినా బల్ల సర్దలేదు. చిక్కుడుకాయల పులుసు, కోడికూర, మీగడ వేసి మెదిపిన బంగాళాదుంపలు. నాలుగు పళ్ళేలు పెట్టింది. మేం ముగ్గురం కూర్చున్నాం. నాన్న ప్రార్థన మొదలెట్టలేదు. చాలాసేపటికి వెనక తలుపు చప్పుడైంది. వెండెల్ చేతులు కడుక్కుని వచ్చి తన చోట కూర్చున్నాడు. కళ్ళ కింద ధూళి చారలు కట్టి ఉంది. ఎవరి వంకా చూడలేదు. అప్పుడు నాన్న ప్రార్థన చెప్పాడు.

బంగాళాదుంపల గిన్నె వెండెల్ ముందుంది. అది మా అమ్మమ్మ ఇచ్చిన పింగాణీది, రాయిలా బరువు. మామూలుగా అయితే నాన్న లేచి, ఏదో పని మీద వెళ్తున్నట్టు బల్ల చుట్టూ వచ్చి, నిలబడే ఎడమ చేత్తో వడ్డించుకుని పోతాడు. మేమంతా పళ్ళేల్లోకి చూసుకుంటాం. ఆ రోజు ఆయన లేవలేదు.

"వెండెల్, ఆ గిన్నె ఇలా అందించు," అన్నాడు. "నా చెయ్యి అంత దూరం రాదు."

అమ్మ చేతిలో గరిటె ఆగింది.

వెండెల్ తలెత్తి నాన్నని చూశాడు. కుడి చెయ్యి గిన్నె మీదికి వెళ్ళింది. వేళ్ళు అంచు పట్టుకున్నాయి. పట్టుకుని, అక్కడే ఆగిపోయాయి. తర్వాత వాడు ఆ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అన్నా," అన్నాడు నాతో, "కాస్త అటు పట్టు."

వాడు ఎడమ చేత్తో ఒక వైపు, నేను ఒక వైపు పట్టుకుని ఎత్తి నాన్న ముందు పెట్టాం. ఆయన వడ్డించుకున్నాడు. పులుసు చల్లారిపోయింది. అమ్మ వేడి చెయ్యనా అని అడగలేదు. తిన్నాం.